రెండు చుట్లు, ఎనిమిది నిమిషాలు

విచారణలో నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. గడియారం సరిగ్గా పనిచేసిందా అని. సరిగ్గానే పనిచేసిందండి అన్నాను. అది నిజమే. ఆ స్టాప్‌వాచ్ ఇప్పటికీ మా ఇంట్లో బీరువా సొరుగులో ఉంది, ఇప్పటికీ సెకను తప్పదు. నేను చెప్పనిదల్లా, ఆ రోజు దాన్ని ఎప్పుడెప్పుడు ఆపానో, ఎందుకు ఆపానో. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదని నాలుగేళ్ళపాటు నాకు నేనే చెప్పుకున్నాను. ఈ నాలుగేళ్ళలో, నేను చెప్పని ఆ మాట వల్ల ఒకావిడ ఉద్యోగం పోయింది. పుట్టిన ఊళ్ళో ఆవిడ తలెత్తుకుని నడవలేని పరిస్థితి వచ్చింది.

వ్యాయామ ఉపాధ్యాయులుగా కొత్తగా చేరుతున్నవాళ్ళు, రేపో మాపో ఆటల బల్ల దగ్గర కూర్చోబోయేవాళ్ళు చదవాలని ఇది రాస్తున్నాను. ఎవరి పేరూ రాయను. ఇందులో నేను తప్ప తప్పు చేసినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే, అది వాళ్ళు చెప్పుకోవాల్సిన మాట.

నేను ఏలూరు చుట్టుపక్కల బళ్ళలో పాతికేళ్ళకు పైగా డ్రిల్లు మేష్టారిగా పనిచేశాను. ఆటగాడిగా అంతంతమాత్రం. కానీ బాస్కెట్‌బాల్ పోటీలు ఎక్కడ జరిగినా టేబుల్ దగ్గర గడియారం పట్టుకోవడానికి నన్నే పిలిచేవాళ్ళు. టైం కీపరు అంటే అదే. పెద్ద ఊళ్ళలోలాగా మా పోటీల్లో గోడకి వెలిగే గడియారాలు ఉండవు. ఒక బల్ల, ఒక స్టాప్‌వాచ్, ఒక విజిల్. ఎంత టైం మిగిలిందో గడియారం పట్టుకున్నవాడికి కనిపిస్తుంది, పక్కన కూర్చుని స్కోరు రాసేవాడికి కనిపిస్తుంది. ఆడే పిల్లలకి గాని, వాళ్ళ టీచర్లకి గాని కనిపించదు. మేం చెప్పిందే టైము.

ఆట ఎంతసేపు అని అడిగితే జవాబు ఒకటి కాదు. పెద్దవాళ్ళకి పది నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు. బడిపిల్లల దగ్గరికి వచ్చేసరికి ఎవరి లెక్క వాళ్ళది. పదిహేడేళ్ళ లోపు పిల్లలకి కొన్నిచోట్ల పది, కొన్నిచోట్ల ఎనిమిది. పద్నాలుగేళ్ళ లోపు వాళ్ళకి ఎనిమిది అంటారు, ఆరు అంటారు. క్వార్టర్ల గొడవ లేకుండా పదిహేను నిమిషాల చొప్పున రెండు సగాలు ఆడించి పంపేసిన పోటీలూ చూశాను. వీటన్నిటికన్నా పెద్ద తేడా ఇంకొకటి ఉంది. విజిల్ పడ్డ ప్రతిసారీ గడియారం ఆపుతామా, పరిగెత్తనిస్తామా అన్నది. ఆపితే ఎనిమిది నిమిషాల క్వార్టరు పదిహేను, పదిహేడు నిమిషాలు పడుతుంది. పరిగెత్తనిస్తే ఎనిమిదికి ఎనిమిదే. దాన్ని రన్నింగ్ క్లాక్ అంటాం. స్కోరు షీటులో మాత్రం రెండింటికీ ఎనిమిదనే రాస్తాం. పిల్లల కాళ్ళకి తెలుస్తుంది తేడా, కాగితానికి తెలియదు.

మాకు ఇంకో ఆనవాయితీ ఉండేది. అది ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు. ఫైనలుకి ముఖ్య అతిథి వస్తారు. వారు వచ్చేసరికి ఆట నడుస్తూ ఉండాలి. ముందే అయిపోతే పెద్దమనిషికి ఖాళీ గ్రౌండు చూపించినట్టు ఉంటుంది. వచ్చేదాకా మొదలుపెట్టకపోతే కార్యక్రమమంతా వెనక్కిపోతుంది. కాబట్టి చెప్పిన వేళకి మొదలుపెట్టి, కారు గేటులోకి వచ్చేదాకా సాగదీసేవాళ్ళం. అతిథికి తొందర ఉంటే కత్తిరించేవాళ్ళం. సాగదీయడమూ కత్తిరించడమూ టైం కీపరు పనే. అందులో నాకు పేరుండేది.

"మన మేష్టారి చేతిలో పడితే ఎనిమిది నిమిషాలు జీడిపాకమేనండీ" అనేవారు తోటివాళ్ళు.

"భోజనాలు వడ్డించారని తెలిస్తే మాత్రం అయిదు నిమిషాలకే ఎనిమిది కొట్టేస్తారు" అని ఇంకొకరు అందుకునేవారు.

నేనూ నవ్వేవాణ్ణి. దాన్ని పనితనం అనుకున్నాను.

ఆ పోటీలు ఏలూరులో ఒక పాత బడి ఆవరణలో జరిగాయి. పద్నాలుగేళ్ళ లోపు ఆడపిల్లలవి. జిల్లాలు విడిపోయి కొన్ని నెలలే అయింది. కలిదిండి వైపు ఊళ్ళు అంతకుముందు వేరే జిల్లాలో ఉండేవి, ఆ పిల్లలు మా దగ్గర ఆడటానికి రావడం అదే మొదలు. చేపల చెరువుల మధ్య ఉన్న ఒక ఊరి హైస్కూలు జట్టు వచ్చింది. పన్నెండు మందిని తెచ్చుకోవచ్చు. వాళ్ళు ఆరుగురే దిగారు.

"మిగతావాళ్ళు వెనకాల వస్తున్నారా అమ్మా?" అని అడిగాను.

"మిగతావాళ్ళు లేరండి సార్. ఆడేదే ఆరుగురం" అంది ఒక పిల్ల. సన్నగా, పొడుగ్గా ఉంది, రెండు జడలూ మడిచి కట్టుకుంది. చేతిలో బంతిని ఊరికే ఉంచలేక తిప్పుతూనే ఉంది. నేను చెప్పబోయేది ఆ పిల్ల గురించీ, వాళ్ళ టీచరు గురించీ.

టీచరుకి ముప్ఫై కూడా ఉండవు. ఆ ఊరి ఆడపడుచే. ఆదివారాలు చర్చిలో పిల్లలకి పాటలు నేర్పుతుందట, బళ్ళో పార్ట్ టైం వ్యాయామ శిక్షకురాలు. ఏడాదికోసారి రెన్యువల్ చేస్తే ఉండే ఉద్యోగం. పోటీలు మొదలయ్యే ఉదయం అన్ని జట్ల టీచర్లతో ఒక మీటింగు పెడతారు. ఏ లెక్కన ఆడిస్తారో అక్కడే చెబుతారు. ఆవిడ నోటుబుక్కు తెరిచి కూర్చుంది.

"ఏవండీ, క్వార్టరు ఎన్ని నిమిషాలండి?" అని అడిగింది.

"ఎనిమిదమ్మా" అన్నారు ఆర్గనైజింగ్ సెక్రటరీ. మాకందరికీ పెద్దాయన, మా వృత్తిలో నాకన్నా పదేళ్ళు సీనియరు.

"గడియారం ఆపుతారాండి, రన్నింగాండి?"

"రన్నింగే. ఈ ఉక్కలో ఆపుకుంటూ కూర్చుంటే ఎల్లుండికి అవుద్ది. టైమవుట్లకి ఆపుతాం, నాలుగో క్వార్టరు ఆఖరి రెండు నిమిషాలు ఆపుతాం. అంతే."

"అయితే పర్లేదండి. మా పిల్లలు రెండు చుట్లకి అలవాటండి."

అందరూ ఆవిడ వైపు తిరిగారు. కాస్త సిగ్గుపడుతూ చెప్పింది. వాళ్ళ బళ్ళో స్టాప్‌వాచ్ లేదు. ఊరవతల ఒక చేపల చెరువు ఉంది. దాని గట్టు చుట్టూ రెండు చుట్లు పరిగెత్తితే సరిగ్గా ఎనిమిది నిమిషాలు. కాసేపు ఆగి మళ్ళీ రెండు చుట్లు. అలా నాలుగుసార్లు. ఏడాదిగా రోజూ అదే సాధన.

"చేపలతో పోటీ పెట్టారేంటండీ మేడమ్ గారూ" అన్నారెవరో వెనకనుంచి. నవ్వులు లేచాయి. ఆవిడా నవ్వి, నోటుబుక్కులో రాసుకుంది. ఎనిమిది, రన్నింగ్.

ఆ పిల్లలు ఆడిన తీరు చూసి నవ్విన వాళ్ళంతా నోళ్ళు మూసుకున్నారు. ఎత్తులు పెద్దగా తెలియవు, బంతి వేసే చేయి కూడా అంత నేర్పైనది కాదు. కానీ అలుపులేదు. ఎదుటి జట్టు రొప్పుతుంటే వీళ్ళు పరిగెత్తుతూనే ఉంటారు. తాడేపల్లిగూడెం జట్టు ఏటా కప్పు పట్టుకుపోయేది, జిల్లా వేరుపడినా ఆ ఏడూ వచ్చింది. వీళ్ళు ఫైనల్లో ఆ జట్టుకి ఎదురుపడ్డారు. అయితే రెండో రోజు ఉదయం సెమీఫైనల్లో ఒక పిల్ల చీలమండ మడతపడింది. మిగిలింది అయిదుగురు. ఒక్కరు అలిసిపోయినా కూర్చోబెట్టి ఇంకొకరిని దింపడానికి లేదు.

ఫైనలుకి ముందు టీచరు టేబుల్ దగ్గరికి వచ్చింది. "అయిదుగురే ఉన్నారండి సార్. నిన్నటిలాగే రన్నింగే కదండీ?"

"అదేనండి" అన్నాను. అన్నప్పుడు అబద్ధం కాదు.

పదకొండూ పదికి మొదలుపెట్టాం. రాత్రి వాన కురిసి వెలిసింది. సిమెంటు కోర్టు మీది నుంచి ఆవిరి మొహానికి కొడుతోంది. చొక్కాలు వీపుకి అంటుకుపోతున్నాయి. మేం ముగ్గురం షామియానా నీడలో ఉన్నాం. మధ్యలో నేను, నా ఎడమపక్క స్కోరు రాసే లెక్కల మేష్టారు, వెనక ఫోను చెవి దగ్గర పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్న సెక్రటరీ గారు. లెక్కల మేష్టారి దస్తూరీ అచ్చేసినట్టు ఉంటుంది. ఆయన రాసిన స్కోరు షీటులో ఒక్క కొట్టివేత ఉండదు.

మొదటి క్వార్టరు ఎనిమిది నిమిషాలకి ఎనిమిది నిమిషాలే ఆడించాను. రెండో క్వార్టరు సగంలో సెక్రటరీ గారు నా భుజం మీదికి వంగారు.

"ఏవండీ మేష్టారు, గెస్టు గారు భీమడోలు రైల్వే గేటు దగ్గర ఆగిపోయారంట. గూడ్సు అడ్డంగా నిలబడిందంట. కాస్త చూసుకోండి."

"చూసుకుంటానండి" అన్నాను.

అంతే జరిగింది. ఆయన గడియారం ఆపమనలేదు. మా మధ్య ఆ మాట అక్కర్లేదు. ఇది ఆయన మీదకి నెట్టడానికి చెప్పడం లేదు. బొటనవేలు నాది.

అప్పటి నుంచి విజిల్ పడ్డ ప్రతిసారీ ఆపాను. బంతి బయటికి పోతే ఆపాను. ఫౌలుకి ఆపాను. రిఫరీ చెమట తుడుచుకుంటే ఆపాను. మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు రెండు మూడు సెకన్లు ఆలస్యంగా నొక్కాను. ఇవన్నీ కలిపితే ఎంతవుతుందో నాకు తెలుసు, పాతికేళ్ళ అనుభవం. సగం ఆట అయ్యాక ఇచ్చిన విశ్రాంతిలో ఆ అయిదుగురూ తలల మీద నీళ్ళు కుమ్మరించుకున్నారు. టీచరు మజ్జిగలో ఉప్పు కలిపి ఒక్కొక్కరి చేత తాగించింది.

మూడో క్వార్టరు నడుస్తుండగా ఆవిడ టేబుల్ దగ్గరికి వచ్చింది. గట్టిగా కూడా మాట్లాడలేదు.

"సార్, నా వాచీలో తొమ్మిది దాటిందండి."

"బంతి గోడవతల పడినప్పుడు ఆపాలి కదా మేడమ్. రెండుసార్లు పడింది" అన్నాను.

"ఇంకా ఎంతుందండీ? ఎక్కువుంటే చెప్పండి, పొడుగు పిల్లని కూర్చోబెట్టేస్తాను. మొహం చూడండి ఎలా అయిపోయిందో. నలుగురితోనే ఆడిస్తాను, పోతే పోద్ది."

గడియారంలో నాలుగున్నర నిమిషాలు ఉంది. నలుగురితో ఆడితే వాళ్ళు చిత్తుగా ఓడిపోతారు. గెస్టు గారు వచ్చేసరికి చూడటానికి ఆట ఉండదు. ఇవన్నీ ఆలోచించానని చెప్పను. ఆలోచించేంత సేపు పట్టలేదు.

"రెండు నిమిషాలేనండి. రెండు నిమిషాలకి తీసెయ్యడం ఎందుకు?"

ఆవిడ వాచీ చూసుకుంది. నా మొహం చూసింది. నేను వయసులో పెద్దవాణ్ణి, గడియారం నా చేతిలో ఉంది. వెళ్ళి కూర్చుంది. నా పక్కన లెక్కల మేష్టారి పెన్ను ఒక్క క్షణం ఆగింది. నా గడియారం ఆయనకి కనిపిస్తూనే ఉంది. తలెత్తకుండా మళ్ళీ రాయడం మొదలుపెట్టారు.

నాలుగో క్వార్టరు మొదలైంది. రెండు జట్ల మధ్యా ఒక్క బాస్కెట్టే తేడా. కాసేపటికి బంతి మా బల్ల ముందు గీత దాటింది. దాన్ని లోపలికి అందించడానికి పొడుగు పిల్ల వచ్చింది. మొహం ఎర్రబడటం పోయి పాలిపోయి ఉంది. చెమట లేదు. చర్మం పొడిగా మెరుస్తోంది. చెమట ఆరిపోయిందంటే అదేం మంచి గుర్తు కాదని శిక్షణలో నేర్చుకున్నవాణ్ణే.

"సార్, ఇంకా ఎంతండీ?" అంది.

"రెండు నిమిషాలమ్మా. ఆడెయ్."

బంతి తీసుకుని ఆ పిల్ల తనలో తాను అనుకున్నట్టు అంది. "పోయిన క్వార్టరే నాలుగు చుట్లు పట్టినట్టుందండి."

ఇంకో రెండు నిమిషాల ఆట గడిచేసరికి కారు వచ్చింది. సెక్రటరీ గారి సైగ మీద ఆట ఆపించాం. దండలు వేశారు. రెండు జట్లనీ ఎండలో వరసగా నిలబెట్టి ఒక్కొక్కరినీ పరిచయం చేశారు. అతిథి గారు అందరికీ చేయి కలుపుతూ వచ్చారు. పొడుగు పిల్ల దగ్గర ఆగారు.

"అబ్బో, ఈ అమ్మాయి చెయ్యి కాలిపోతోందండీ. ఆట అంత వేడిమీద ఉందన్నమాట."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన మంచివాడే. తన కోసం ఆట సాగదీశామని ఆయనకి ఎవరు చెబుతారు? ఆ పిల్ల నవ్వలేదు. ఆయన చేయి వదిలేశాక కూడా తన చేయి చాచే ఉంచింది.

ఆట మళ్ళీ మొదలైంది. బంతి ఆ పిల్లకి వచ్చింది. పట్టుకుని నిలబడింది. తరవాత వెనక్కి తిరిగి, బంతి నేలకి కొట్టుకుంటూ, తమ బాస్కెట్టు వైపే నెమ్మదిగా నడిచింది.

"అటు కాదే, ఇటు, ఇటు" అని పిల్లలు అరిచారు. జనం నవ్వారు. వాళ్ళ టీచరు ఒక్కతే లేచింది. విజిల్ పడకముందే కోర్టులోకి పరిగెత్తింది. ఆవిడ చేరేలోపు ఆ పిల్ల మోకాళ్ళ మీద కూలి, మొహం సిమెంటుకి తగిలేలా పడిపోయింది.

నేను గడియారం ఆపాను. అలవాటు. మూడు నిమిషాల నలభై సెకన్లు ఉంది.

ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. టీచరు ఒళ్ళో పిల్ల తల పెట్టుకుని తడిగుడ్డతో తుడుస్తూ కూర్చోవడం కనిపించింది. గ్రౌండు ఖాళీ అయింది. బల్ల దగ్గర మేం ముగ్గురం మిగిలాం.

"మొదలైన టైం పదకొండూ పది వేశానండి" అన్నారు లెక్కల మేష్టారు. "ఆగిన టైం ఎంత వెయ్యమంటారు?"

ఆట ఆగింది పన్నెండూ ముప్ఫై అయిదుకి. సెక్రటరీ గారు నా వెనకే ఉన్నారు.

"పన్నెండూ అయిదు వెయ్యండి" అన్నాను.

ఆయన తన చేతి వాచీ ఒకసారి చూసుకున్నారు. తరవాత రాశారు, ఎప్పటిలాగే కొట్టివేత లేకుండా. కింద నేను సంతకం చేశాను.

పిల్ల బతికింది. ఏలూరులో లాభం లేదని విజయవాడ తీసుకుపోయారు. మూడు వారాల తరవాత ఇంటికి వచ్చింది. వడదెబ్బ మెదడుకి తగిలిందన్నారు. మాట ముద్దగా వస్తుంది, నడిస్తే తూలుతుంది, ఇక ఇంతేనన్నారు.

విచారణకి ముగ్గుర్ని వేశారు. వాళ్ళ ముందున్నది లెక్కల మేష్టారి అందమైన స్కోరు షీటు. పదకొండూ పది నుంచి పన్నెండూ అయిదు. అందులో విశ్రాంతులు, అతిథి పరిచయాలు తీసేస్తే అరగంట ఆట. అరగంట ఆటకి పిల్ల ఇలా అయిందంటే, ముందే ఒంట్లో బాగోలేని పిల్లని దింపారన్నమాట. వాళ్ళ తర్కంలో తప్పులేదు. తప్పు కాగితంలో ఉంది.

"మూడో క్వార్టరే పదిహేడు నిమిషాలు ఆడించారండి. నా వాచీలో చూశాను" అంది టీచరు. నోటుబుక్కు కూడా చూపించింది.

"చేతి వాచీ చూసి చెబితే ఎలాగమ్మా? టేబుల్ దగ్గర గడియారం ఉంది కదా" అన్నారు ఒకరు. అప్పుడే నా వైపు తిరిగి ఆ ప్రశ్న అడిగారు. నేను ఆ జవాబు చెప్పాను.

"పిల్ల అలిసిపోయిందని మీకు తెలిసినప్పుడు ఎందుకు కూర్చోబెట్టలేదు?" అని ఆవిణ్ణి అడిగారు.

ఆవిడ నోటుబుక్కు మూసింది. నా వైపు చూసింది. నేను గోడకున్న టైంటేబుల్ చదువుతున్నాను. "రెండు నిమిషాలే ఉందనుకున్నానండి" అంది చివరికి.

గ్రౌండులో ఉన్నవాళ్ళలో సగం మందికి జరిగింది తెలుసు. అందరూ ఎప్పుడో ఒకప్పుడు ఆ బల్ల దగ్గర కూర్చుని గడియారం సాగదీసినవాళ్ళే. ఎవరూ నోరు మెదపలేదు. శిక్షకురాలి నిర్లక్ష్యం అని రాశారు. ఆ ఏడు ఆవిడకి రెన్యువల్ రాలేదు. కప్పు కోసం పిల్ల బతుకు పాడుచేసిందని ఊళ్ళో అనుకున్నారు. ఆ బడి నుంచి మళ్ళీ ఆడపిల్లల్ని ఎవరూ ఆటలకి పంపలేదు.

నేను మెడనొప్పి అని చెప్పి టేబుల్ దగ్గర కూర్చోవడం మానేశాను. లెక్కల మేష్టారు నాతో కలిసి టీ తాగడం మానేశారు. ఒక్కసారి మాత్రం బస్టాండులో కనిపించి ఇలా అన్నారు. "మొదలైన టైం నేను చూసి రాసిందండి. ఆగిన టైం మీరు చెబితే రాసింది. రెండూ ఒకేలా ఉన్నాయి చూడండి, నాకు నిద్రపట్టనిది అందుకే." రెండేళ్ళ తరవాత, యాభై మూడేళ్ళకే నేను స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. ఆరోగ్యం బాగోలేదని రాశాను. అదీ అబద్ధమే.

కిందటి నెల తాడేపల్లిగూడెంలో కొత్త వ్యాయామ ఉపాధ్యాయులకి శిక్షణ పెట్టారు. గడియారం సంగతులు చెప్పమని నన్ను పిలిచారు. ఏ వయసుకి ఎన్ని నిమిషాలు, ఎక్కడ ఆపాలి, ఎక్కడ పరిగెత్తనివ్వాలి, బోర్డు మీద గళ్ళు గీసి చెబుతున్నాను. నన్ను పరిచయం చేసినాయన ముందే జీడిపాకం జోకు వేసి అందర్నీ నవ్వించాడు. ముందు వరసలో కూర్చున్న ఒక అమ్మాయి లేచింది.

"సార్, రన్నింగ్ అని చెప్పి టేబుల్ దగ్గర మధ్యలో ఆపుతూ పోతే, కోచ్‌కి ఎలా తెలుస్తుందండీ?"

"తెలియదమ్మా" అన్నాను.

"అయితే పిల్లల్ని ఎవరు చూసుకుంటారండీ మరి?"

సుద్దముక్క అక్కడ పెట్టి, మంచినీళ్ళు తాగి వస్తానని బయటికి వచ్చాను. మళ్ళీ లోపలికి వెళ్ళలేకపోయాను.

టీచరు ఇప్పుడు అత్తిలిలో ఒక ప్రైవేటు బడి హాస్టల్లో వార్డెనుగా ఉంది. ఆ వారమే వెళ్ళాను. నన్ను గుర్తుపట్టి కుర్చీ వేసింది, మంచినీళ్ళు ఇచ్చింది. నేను చెప్పదలుచుకున్నది చెప్పేశాను, ఏదీ దాచలేదు. ఆవిడ దుప్పట్లు మడతపెడుతూనే విన్నది.

"నాకు తెలుసండి" అంది. "ఆ రోజే తెలుసు."

"మరి విచారణలో నా పేరు చెప్పలేదేంటమ్మా?"

"మీరే చెబుతారని ఆగానండి. పెద్దవారు కదా."

నేను దండం పెట్టబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు చెబితే మీ బరువు దిగుద్దండి, అంతే. నాకేం ఒరగదు. ఆ పిల్ల వాళ్ళమ్మ నాతో మాట్లాడి నాలుగేళ్ళయింది. ఊరెళ్ళినప్పుడు చర్చిలో నేనొక పక్కన కూర్చుంటే ఆవిడ రెండో పక్కకి వెళ్ళిపోద్ది. ఆవిడ దగ్గరికొచ్చి చెప్పండి. వస్తారా?"

వస్తానన్నాను. ముందు జరిగినదంతా కాగితం మీద రాసి, ఆగిన టైం పన్నెండూ ముప్ఫై అయిదు అని రాసి, సంతకం పెట్టి విద్యాశాఖ కార్యాలయానికి రిజిస్టరు పోస్టులో పంపాను. నకలు ఆవిడకి ఇచ్చాను. అక్కడినుంచి ఇంకా జవాబు రాలేదు. ఆవిడ ఉద్యోగం తిరిగొస్తుందో లేదో తెలియదు.

ఆ ఆదివారం ఇద్దరం భీమవరం మీదుగా బస్సులో వెళ్ళాం. ఆకివీడు దాటాక రోడ్డుకి రెండు పక్కలా చెరువులే. ఆటో దిగి గట్టు మీద నడుస్తుంటే, "ఇదేనండి ఆ చెరువు" అని చూపించింది. చాలా పెద్దది. అవతలి గట్టు మీద మనిషి వేలెడంత కనిపిస్తున్నాడు. రోజూ ఎనిమిది చుట్లు దీని చుట్టూ పరిగెత్తిన పిల్లలు.

పిల్ల తల్లి రొయ్యల షెడ్డులో పనిచేస్తుంది. వేళ్ళు నానిపోయి తెల్లగా ఉన్నాయి. నన్ను చూసి లేచింది, నా వెనక టీచరుని చూసి ఆగిపోయింది.

"ఆవిడెందుకొచ్చిందండీ?"

"నేనే తీసుకొచ్చానమ్మా. నేను చెప్పేది విన్నాక పొమ్మంటే ఇద్దరం పోతాం."

టీచరు గుమ్మం దాటి రాలేదు. వాకిట్లోనే నిలబడింది. నేను చెప్పాను. గేటు, గూడ్సు, నా బొటనవేలు, రెండు నిమిషాలు, కాగితం మీద వేయించిన టైము. అంతా విని తల్లి నానిన వేళ్ళు కొంగుతో తుడుచుకుంది.

"టీచరు అప్పుడే చెప్పిందండి నాకు" అంది చివరికి. "ఆట ఎక్కువసేపు ఆడించారక్కా అని, ఇదిగో ఈ వాకిట్లోనే. కాగితంలో అలా లేదంటున్నారుగా అన్నాన్నేను. కాగితాన్ని నమ్మానండి."

లోపల్నుంచి గోడ పట్టుకుని పిల్ల వచ్చింది. ఇప్పుడు పదిహేడేళ్ళు. జడలు మడిచి కట్టుకోలేదు. తల్లి పట్టుకోబోతే వద్దని, గుమ్మానికి ఆనుకుని నిలబడింది. అంతా విన్నదని కళ్ళలోనే తెలుస్తోంది. మాట కూడదీసుకోవడానికి సమయం పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.

"సార్... నేను అడిగాను కదండీ... ఇంకా ఎంత అని. అప్పుడు... నిజంగా ఎంతుందండీ?"

"ఆరు నిమిషాల పది సెకన్లు ఉందమ్మా" అన్నాను. "రెండు అని చెప్పాను. మీ టీచరుకీ అలాగే అబద్ధం చెప్పాను. నిజం చెప్పుంటే ఆవిడ నిన్ను కూర్చోబెట్టేది. ఆవిడ తప్పు ఇసుమంత లేదు. తప్పు నాది. ఆ రోజే చెప్పాల్సిన మాట నాలుగేళ్ళకి చెబుతున్నాను. నన్ను క్షమించు తల్లీ."